రిపోర్టు చదువుదాం – 4వ పాఠం: పీఎస్ఏ అంకె, మనిషి బరువు, గోధుమరంగు చుక్కలు

పీఎస్ఏ అనేది ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) కణాలు తయారుచేసే ప్రోటీన్ అని, రక్తపరీక్షలో దాన్ని కొలుస్తారని పోయిన పాఠంలో చూశాం. క్యాన్సర్ వల్లనే కాదు, వయసుతో గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా అది ఎక్కువవుతుంది. ఆ పాఠం చదివి ఆదోని నుంచి ఒకాయన అడిగారు: "మా నాయనకు పీఎస్ఏ 3.8 వచ్చింది సార్. నాలుగు లోపలే కదా, టెన్షన్ పడాల్సిన పని లేదు కదా?"

నాయన బరువెంత అని అడిగాను. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలట.

ఒకే సైజు బెల్లం ముక్కలు రెండు తీసుకొని, ఒకటి చెంబు నీళ్లలో, ఇంకోటి బిందె నీళ్లలో వేయండి. బిందె నీళ్లు చప్పగా ఉంటాయి, బెల్లం తగ్గిందని కాదు. లావుపాటి మనిషి ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవం, ఎక్కువ కాబట్టి పీఎస్ఏ కూడా అలాగే పలచబడుతుంది. ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకున్న వేలమంది రికార్డులు పరిశీలించి, 2007లో అమెరికా పరిశోధకులు ఈ సంగతి చూపించారు.

కాగితం, పెన్ను తీసుకోండి. 168 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోల బరువున్న మనిషికి ప్లాస్మా సుమారు 2.8 లీటర్లు. అదే ఎత్తులో 92 కిలోలుంటే సుమారు 3.4. రిపోర్టులో 3.8 అంటే లీటరుకు 3.8 మైక్రోగ్రాములు. ఇప్పుడు దాన్ని 3.4తో గుణించండి. 12.9 మైక్రోగ్రాములు వస్తుంది. ఆ నాయన ప్లాస్మాలో ఉన్న మొత్తం పీఎస్ఏ అది. అంతే పీఎస్ఏ ఆ బక్కమనిషి 2.8 లీటర్లలో కలిసి ఉంటే రిపోర్టులో 4.6 అని పడేది!

ఈ లెక్కతో జబ్బు తేల్చలేం. కానీ "నాలుగు లోపలే" అని ఫైలు మూసెయ్యకూడదని మాత్రం తెలుస్తుంది. ప్రోస్టేట్‌కు ఫినాస్టిరైడ్ ఆరునెలలుగా వాడుతున్నవాళ్ల అంకెను రెట్టింపు చేసి చూడాలి, ఆ మందు పీఎస్ఏను దాదాపు సగానికి దించుతుంది. బరువు, మందులు రెండూ యూరాలజిస్టుకు మీరే చెప్పండి.

ఇక బయాప్సీ. సూదితో ప్రోస్టేట్ నుంచి తీసిన ముక్క దారప్పోగంత ఉంటుంది. అందులో కనిపించే ఒక్కో చిట్టి గ్రంథినీ మన ఊళ్ల రాతికట్టు బావిలా ఊహించుకోండి. నడుమ ఖాళీ, దాని చుట్టూ స్రవించే కణాలు, వాటి వెలుపల బేసల్ కణాల పలచని వరుస. ఆ వరుసే రాతికట్టు. పీ63 అనే మార్కర్, అంటే స్లైడు మీద వేసే ఒక రకం మరక, ఆ బేసల్ కణాల కేంద్రకాలనే పట్టుకుంటుంది. మామూలు గ్రంథి చుట్టూ గోధుమరంగు చుక్కలు పూసలదండలా కనిపిస్తాయి. క్యాన్సర్ గ్రంథికి ఆ కట్టు ఉండదు. ఎంత వెతికినా ఒక్క చుక్కా దొరకదు. చాలా ల్యాబుల్లో దాంతోపాటే వేసే ఏఎంఏసీఆర్ మరక మాత్రం క్యాన్సర్ కణాల లోపల ఎర్రగా, రేణువులు రేణువులుగా పడుతుంది.

అందరూ తడబడేది ఇక్కడే. నెగిటివ్ అనగానే గుండె కుదుటపడడం మనకు అలవాటు. ఇక్కడ పీ63 నెగిటివ్, ఏఎంఏసీఆర్ పాజిటివ్ అని జంటగా వస్తే అది క్యాన్సర్ వైపు చూపిస్తోందని అర్థం. జంటగా అన్నమాట మరిచిపోవద్దు. క్యాన్సర్‌కు ముందు దశ గ్రంథుల్లోనూ ఎరుపు కనిపిస్తుంది, కుంచించుకుపోయిన మామూలు గ్రంథుల్లోనూ చుక్కలు అక్కడక్కడా చెదిరిపోతాయి.

కర్నూలులో చదువుకునే రోజుల్లో ఒక స్లైడులో చుక్కలు లేవని క్యాన్సర్ అని రాయబోయాను. మేడం నా చెయ్యి ఆపి, పక్కనున్న మామూలు గ్రంథి చూపించారు. దానికీ చుక్కల్లేవు. అంటే మరకే సరిగా పడలేదు. ఇంకో నిమిషమైతే ఒక ఇంటిని లేనిపోని దుఃఖంలోకి తోసేవాడిని. అప్పటినుంచి ముందు మామూలు గ్రంథిని వెతుకుతాను, దాని దండ నిండుగా ఉంటేనే అనుమానపు గ్రంథి దగ్గరికి పోతాను. మీరూ ఆ వరుసలోనే చూడండి.

అభ్యాసం: "మామూలు గ్రంథుల్లో పీ63 పాజిటివ్. అనుమానపు గ్రంథుల్లో పీ63 అక్కడక్కడా పాజిటివ్, ఏఎంఏసీఆర్ నెగిటివ్." ఈ రిపోర్టు ఎటు మొగ్గుతోంది? కారణం రెండు వాక్యాల్లో రాసిపెట్టుకోండి. జవాబుతోపాటు, క్యాన్సర్ ఎంత తీవ్రమైనదో చెప్పే గ్లీసన్ స్కోరు, అందులో 3+4కీ 4+3కీ తేడా ఐదో పాఠంలో.