ఇంగ్లిష్ మాట పుట్టిల్లు ఎలా వెతకాలి

క్యాష్ అనే మాట మన కాసు నుంచే పుట్టిందని ఎవరైనా చెప్తే వెంటనే నమ్మేయకండి. డబ్బు అనే అర్థంలో వాడే క్యాష్ ఫ్రెంచ్, ఇటాలియన్ భాషల్లో డబ్బుపెట్టెకి ఉన్న పేరు నుంచి వచ్చింది. మన దగ్గర చెల్లిన చిల్లర నాణేన్ని కూడా ఇంగ్లిష్‌వాళ్ళు క్యాష్ అనే రాసేవాళ్ళు, అది మాత్రం తమిళ కాసు, పోర్చుగీసువాళ్ళ నోట పడి అలా మారింది. స్పెల్లింగ్ ఒకటే, మాటలు రెండు.

అందుకే పోలిక పక్కనపెట్టి ముందు తేదీ చూడండి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ప్రతి మాటకీ పాత వాడుకలు సంవత్సరాలతో సహా ఉంటాయి, అది అందకపోతే ఎటిమాన్‌లైన్ సైట్ ఉచితమే. ఆ తర్వాత ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్ళండి, మధ్యలో ఏ భాషనీ దాటేయకుండా.

ఆరెంజ్ తీసుకోండి. పండు పేరుగా ఇంగ్లిష్‌లో 14వ శతాబ్దానికే ఉంది, రంగు పేరుగా 16వ శతాబ్దంలో గానీ రాలేదు. వెనక పాత ఫ్రెంచ్ ఓరెంజ్, ఇటాలియన్ అరాన్చా, అరబిక్ నారంజ్, పారసీ నారంగ్, సంస్కృతం నారంగ, దానికీ వెనక ద్రావిడ మూలం ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. మన నారింజ కూడా ఈ కుటుంబమే!

మరి మొదటి 'న' ఏమైంది? 'ఎ నారెంజ్' కాస్తా 'ఏన్ ఆరెంజ్' అయిందని ఒక కథ బాగా తిరుగుతోంది. కానీ ఇంగ్లిష్‌కి చేరేసరికే ఫ్రెంచ్‌లో 'న' లేదు. ఏప్రన్ విషయంలో మాత్రం ఆ కథ నిజం, అది ఇంగ్లిష్‌లోకి నేప్రన్‌గానే వచ్చింది, 'న' పోయింది ఇంగ్లిష్‌లోనే. ఇలాంటి తగువు తీర్చేది తేదీలే.

అరువు తెచ్చుకున్న మాటా, వారసత్వంగా వచ్చిన మాటా అన్నది కూడా చూసుకోవాలి. ఫుట్ సంస్కృత పాదం నుంచి రాలేదు, రెండూ ఒకే పాత భాష నుంచి వచ్చిన తోబుట్టువులు. సంస్కృతంలో 'ప' ఉన్నచోట ఇంగ్లిష్‌లో 'ఫ' రావడం ఒక పద్ధతి ప్రకారం జరిగింది: పితృ, ఫాదర్ కూడా అంతే. నిఘంటువులో మాట ముందు నక్షత్రం గుర్తు (*) కనిపిస్తే ఆ రూపం ఎక్కడా రాసి దొరకలేదని, పండితులు లెక్కగట్టి ఊహించారని అర్థం.

మొదటిసారి అయితే బ్యాండికూట్‌తో మొదలుపెట్టండి. ఎక్కాల్సిన మెట్టు ఒక్కటే, అక్కడ మన పందికొక్కు కూర్చుని ఉంటుంది.