కొత్త కాలనీ పిల్లలకు బడిలో చోటు: మూడేళ్ల ముందే లెక్క వేసుకోవడం ఎలా

భీమవరం, రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, ఏ ఊరి చివరికి వెళ్లినా నిన్నమొన్నటి దాకా వరి చేలున్న చోట ఇప్పుడు ఇళ్ల వరసలు కనిపిస్తున్నాయి. టిడ్కో ఇళ్లు (ప్రభుత్వం పట్టణ పేదలకు కట్టించిన అపార్ట్‌మెంట్లు), ప్రభుత్వం పట్టాలిచ్చిన కాలనీలు, ప్రైవేటు లేఅవుట్లు. రోడ్డు గురించి అడుగుతారు, కరెంటు గురించి అడుగుతారు, నీళ్ల కోసం ధర్నా కూడా చేస్తారు, బడి సంగతి మాత్రం జూన్‌లో తలుపులు తెరిచి ఒకటో తరగతి గదిలో అరవై మంది పిల్లలు కిక్కిరిసి కూర్చున్నాక గానీ ఎవరికీ గుర్తురాదు. అప్పుడు అందరికీ టెన్షనే, కానీ వరండాలో చాపలు వేయడం తప్ప చేయగలిగేది ఏమీ ఉండదు. నిజానికి పుట్టిన బిడ్డ ఒకటో తరగతికి రావడానికి ఐదారేళ్లు పడుతుంది కాబట్టి మనకు టైముంది, ముందే లెక్క తీయాలి అంతే. పేరెంట్స్ కమిటీలో ఉన్నవాళ్లు, హెడ్మాస్టర్లు, సర్పంచులు, వార్డు మెంబర్లు ఎవరైనా చేయగల పనే ఇది.

అదనపు గదులు అడగడానికి విద్యాశాఖ ఆఫీసుకి వెళ్తే మొదట ఎదురయ్యే మాట, "పిల్లలు తగ్గిపోతున్నారు కదండీ, గదులెందుకు?" అని. అదీ నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక మహిళకు సగటున 1.7 మంది పిల్లలే. జిల్లా మొత్తం చూస్తే తగ్గుదల కనిపిస్తుంది, లంక గ్రామాల్లో, పాత ఊళ్లలో బడులు ఖాళీ అవుతున్నాయి కూడా, కానీ ఆ కుటుంబాలే వచ్చి మీ కాలనీలో దిగితే మీ బడి పొంగిపోతుంది. అందుకే జిల్లా సగటుతో, మండలం సగటుతో మీ బడికి ప్లాన్ వేయకండి. జనాభా లెక్కలు కూడా 2011వే, తర్వాతివి 2027లో. ఈలోగా మీ లెక్క మీరే తీసుకోవాలి.

లెక్క ఇళ్లది కాదు, పిల్లలది. ఐదొందల ప్లాట్ల లేఅవుట్ అంటే ఐదొందల కుటుంబాలు అనుకుంటే పొరపాటే. సగం ప్లాట్లు పెట్టుబడికి కొన్నవి, కొన్ని ఇళ్లకు తాళం ఉంటుంది, యజమాని హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటారు. ఇంకోవైపు ఒకే పోర్షన్లో రెండు కుటుంబాలు అద్దెకుంటాయి. ముందు అంగన్‌వాడీ రిజిస్టరు, ఆశా కార్యకర్త దగ్గరున్న పుట్టినవాళ్ల వివరాలు, గ్రామ, వార్డు సచివాలయంలో ఉన్న కుటుంబాల జాబితా పక్కపక్కన పెట్టి చూడండి, తర్వాత ఒకసారి గడప గడపకీ తిరగండి. సంక్రాంతి వారంలో మాత్రం వద్దు, ఊరంతా చుట్టాల పిల్లలే ఉంటారు. ఏడాది లోపు, ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు, ఇలా వయసు వారీగా రాసుకోండి. రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండే కుటుంబాలు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనికొచ్చినవాళ్లు, ఇటుక బట్టీల వాళ్లు చాలాసార్లు ఏ జాబితాలోనూ ఉండరు. వాళ్ల పిల్లలకే ప్రభుత్వ బడి అందరికంటే ఎక్కువ అవసరం కాబట్టి ఆ గట్ల మీదికి కూడా వెళ్లి రండి.

"మీ పిల్లల్ని ఏ బడిలో వేస్తారు?" అని అడిగితే చాలామంది కాన్వెంట్ అనే చెబుతారు. ఆ జవాబు మీద లెక్క కట్టకండి, పెద్దపిల్లాడు ఇప్పుడు ఎక్కడ చదువుతున్నాడో అడిగి అది రాసుకోండి. కోవిడ్ సమయంలో ప్రైవేటు నుంచి ప్రభుత్వ బడికి ఎంతమంది వచ్చారో మనం చూశాం, ఆ తర్వాత కొందరు వెనక్కి వెళ్లడమూ చూశాం, కాబట్టి ఒక్క ఏడాది అంకె పట్టుకుని ఊగిపోకూడదు.

ఇక పై తరగతుల లెక్క. పోయిన ఏడాది రెండో తరగతిలో 40 మంది ఉండి, ఈ ఏడాది మూడో తరగతిలో 46 మంది ఉన్నారనుకోండి. 46ని 40తో భాగిస్తే 1.15. అంటే పాతవాళ్లు పైకి రావడమే కాకుండా కొత్తవాళ్లు వచ్చి చేరుతున్నారు. ప్రతి తరగతికీ గత మూడేళ్ల నిష్పత్తులు తీసి వాటి సగటుతో కింది తరగతి సంఖ్యను గుణిస్తూ వచ్చే మూడేళ్లూ అంచనా వేయండి. ఒకటో తరగతి అంచనాకు మాత్రం మీ గడప సర్వేలో తేలిన చిన్నపిల్లల సంఖ్యే ఆధారం. ఐదో తరగతి దగ్గర అంకె పడిపోతే కంగారు పడకండి, గురుకులాలు ఐదో తరగతిలోనే చేర్చుకుంటాయి కదా.

గదుల దగ్గర జరిగే మోసం సగటుది. ఉదాహరణకి ఒకటి నుంచి ఐదు దాకా వరసగా 48, 44, 40, 36, 32 మంది, మొత్తం 200 అనుకుందాం. 200ని 30తో భాగిస్తే ఏడు గదులు సరిపోతాయనిపిస్తుంది. కానీ ఐదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లి రెండో తరగతిలో కూర్చోబెట్టలేం కదా, తరగతి వారీగా గదికి 30 మంది చొప్పున చూస్తే పది గదులు కావాలి, 40 మంది దాకా సర్దుకున్నా ఏడు తప్పవు. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం 200 మంది ఉన్న ప్రాథమిక బడికి ఐదుగురు టీచర్లు, ఒక హెడ్మాస్టరు, టీచరుకో గది చొప్పున. అది కనీసం. అంతకంటే ఎక్కువ ఎందుకు అడుగుతున్నారో తరగతి వారీ పట్టిక పెట్టి చూపిస్తేనే మాట నిలబడుతుంది. గదులతో పాటు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది కూడా అదే పట్టికలో రాయండి. మధ్యాహ్న భోజనానికి కోనసీమ అన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం, వంద మందికి కట్టిన షెడ్డులో రెండొందల మందికి వండమంటే వంట చేసేవాళ్లు ఏమైపోవాలి?

దూరం విషయంలో మన గోదావరి డెల్టాది ప్రత్యేకమైన ఇబ్బంది. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలన్నది నిబంధన, మ్యాప్ మీద ఆరొందల మీటర్లే కనిపిస్తుంది, మధ్యలో కాలవ. వంతెన దాకా వెళ్లి తిరిగొస్తే రెండు కిలోమీటర్లు. అందుకని బిడ్డ నడిచే దారి కొలవండి, హైవే దాటాల్సి వస్తే అది కూడా రాయండి.

కొత్త స్థలం చూసేటప్పుడు పల్లమా మెరకా అన్నది వానాకాలంలోనే తెలుస్తుంది. ఎండాకాలంలో చూసి ఒప్పుకోకండి. పక్కన మురుగు డ్రెయిన్ ఉంటే అది పొంగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లను అడిగి, గోడ మీద ఆనవాలు ఉంటే ఫోటో తీసి, బేస్‌మెంటు దానికంటే ఎత్తు ఉండాలని రాతపూర్వకంగా అడగండి. మనది బంకమట్టి నేల, తడికి ఉబ్బి ఎండకు బీటలిస్తుంది, పునాది దగ్గర పొదుపు చేస్తే గోడలు పగులుతాయి. స్థలం తక్కువైతే ఇప్పుడు కట్టేది ఒక్క అంతస్తే అయినా పునాది మాత్రం రెండో అంతస్తుకూ సరిపడా వేయించండి, చిన్న తరగతులు కిందే ఉంచండి. సముద్రం దగ్గర, చెరువుల పక్కన బోరులో ఉప్పునీళ్లు పడతాయి, కాబట్టి తాగునీరు ఎక్కడినుంచి వస్తుందో తేలకుండా స్థలం ఖాయం చేయొద్దు. మెరక చేయడానికి మట్టి లారీలు దాళ్వా (రెండో పంట) కోతలయ్యాకే చేలగట్ల మీదుగా వెళ్లగలవు, ఆ రెండు నెలలూ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

కాగితాల వరస తేలికే. సెప్టెంబరు 30 నాటి పిల్లల సంఖ్యే యూడైస్ (బడుల వివరాలన్నీ ఎక్కించే ప్రభుత్వ డేటాబేస్) లెక్క, ఆ తేదీకల్లా కొత్తగా చేరినవాళ్లందరి వివరాలూ ఎక్కాయో లేదో చూసుకోండి, ఎక్కని పిల్లాడికి గదీ ఉండదు, టీచరూ ఉండరు. విద్యా హక్కు చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం పేరెంట్స్ కమిటీ బాధ్యత. మూడేళ్లకు తరగతి వారీ పిల్లల అంచనా, అదనపు టీచర్లు, గదులు, ఖర్చు అన్నీ అందులో ఉండాలి. డిసెంబరు లోపు తీర్మానం చేసి ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా పంపితే, బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం వార్షిక ప్రణాళిక తయారయ్యే సమయానికి అందుతుంది. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి, కాబట్టి గడప సర్వేకి వాళ్లనే ముందు పెట్టండి, తల్లుల దగ్గర తల్లులు అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

గదులు వచ్చేలోపు పంచాయతీ హాలో, కమ్యూనిటీ హాలో, దగ్గర్లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనమో వాడుకోవచ్చు. అందులోకి పెద్ద తరగతిని పంపండి, ఒకటో తరగతిని కాదు, చిన్నపిల్లలకు మరుగుదొడ్డి, టీచరు రెండూ చేతికందే దూరంలో ఉండాలి. ఎంతకాలం వాడుకుంటారో తీర్మానంలోనే తేదీ రాయించుకోండి, లేకపోతే తాత్కాలికమన్నది పదేళ్లు నడుస్తుంది.