స్వింగ్ బ్యాండుతో ఊరూరా తిరగబోయేవారికి

పదహారు పదిహేడు మంది వాద్యకారులతో, నృత్యానికి తగ్గ జాజ్ వాయించే స్వింగ్ బ్యాండు నుంచి, ఆరు వారాల పర్యటనకు రాగలరా అని ఫోను వచ్చినప్పుడు చాలామంది ముందుగా పారితోషికం ఎంతని అడుగుతారు. అది తప్పు కాదు గాని, దానికంటే ముందు ఏ కుర్చీ, అంటే బ్యాండులో ఏ స్థానం, అని అడగాలి. ఈ తరహా బ్యాండులో మామూలుగా ఐదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, మూడో నాలుగో ట్రాంబోన్లు, వాటికి తోడుగా పియానో, బాస్, డ్రమ్స్, కొన్నిచోట్ల గిటారు ఉంటాయి. ఒకే జాతి వాద్యాల వరుసను సెక్షన్ అంటారు. ప్రతి సెక్షన్‌కూ ఒక లీడ్ ఉంటారు. స్వరాన్ని ఎంతసేపు పట్టాలో, ఎక్కడ తుంచాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆయన వాయించే తీరును బట్టే మిగతావారు నడుచుకుంటారు. నలుగురూ ఒక్క గొంతుగా వినిపించాలి కాబట్టి ఒకరి నిద్రలేమి, ఒకరి పెదవి వాపు, ఒకరి ఆలస్యం మిగతా ముగ్గురి వాద్యంలోనూ బయటపడతాయి. రోడ్డు మీద పాటించవలసిన నియమాలన్నీ ఈ ఒక్క సంగతి నుంచి పుట్టినవే. నేను అమెరికాలో కొన్ని సీజన్లు మూడో ట్రంపెట్ కుర్చీలో తిరిగాను. ఇక్కడ రాస్తున్నవాటిలో సగం ఆ కుర్చీలో తప్పులు చేసి నేర్చుకున్నాను.

ఒప్పుకునే ముందు

అమెరికాలో ఉన్న మనవాళ్లు మొదట చూసుకోవలసింది వీసా. ఎఫ్-1 వీసా మీద చదువుకుంటున్నవారు తగిన అనుమతి లేకుండా క్యాంపస్ బయట డబ్బుకు వాయించకూడదు. హెచ్-1బి మీద ఉన్నవారికి, ఆ వీసా కోసం దరఖాస్తు చేసిన యజమాని దగ్గర తప్ప మరొకచోట సంపాదించే హక్కు లేదు. శనివారం రాత్రి ఒక్క కచేరీయే కదా అనుకోవద్దు. విశ్వవిద్యాలయంలో జాజ్ చదువుతున్న విద్యార్థులు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి, కాగితం చేతికి వచ్చాకే సరేననాలి.

తరువాత అడగవలసినవి చిన్నవే అయినా రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ప్రయాణం బస్సులోనా, వ్యానులోనా, విమానంలోనా. హోటలు గదికి ఒక్కరా, ఇద్దరా. పర్ డియమ్, అంటే రోజువారీ భోజనపు ఖర్చు, ఎంత, అది నగదుగా ఇస్తారా. కచేరీ లేని రోజున కూడా ఇస్తారా. ఈ చివరి ప్రశ్న అడగడం మరిచిపోయి నేను ఒకసారి మూడు రోజుల విరామాన్ని ఒక హైవే పక్క హోటలులో సొంత ఖర్చుతో గడిపాను. శాక్సఫోన్ వాయించేవారు ఏ ఏ అదనపు వాద్యాలు తేవాలో కూడా తెలుసుకోవాలి. గ్లెన్ మిల్లర్ బ్యాండు తరహా చార్టులు (ఒక్కో వాద్యానికి స్వరాలు రాసిన కాగితాలు) వాయించే చోట క్లారినెట్ లేకుండా వెళ్తే పని జరగదు, ఎందుకంటే పైన క్లారినెట్ రాగం నడుపుతుండగా అదే రాగాన్ని ఒక టెనర్ శాక్సఫోన్ ఒక స్థాయి కింద వాయించడమే ఆ బ్యాండు నాదానికి గుర్తు. అమెరికాలో ఎన్ని రాష్ట్రాలలో సంపాదిస్తే అన్ని రాష్ట్రాల ఆదాయపు పన్ను లెక్కలు ఎదురుకావచ్చు కనుక రసీదులను ఒక కవరులో తేదీల వారీగా దాచుకోవడం మంచిది.

బుక్కు

చేరిన రోజున మీ చేతికి ఒక బరువైన ఫోల్డరు ఇస్తారు. దానిని బుక్కు అంటారు. అందులో మీ కుర్చీకి చెందిన చార్టులు, కొన్ని బ్యాండ్లలో రెండు మూడు వందల వరకు, నంబర్ల వరుసలో ఉంటాయి. ఒక పాట ముగిసి చప్పట్లు తగ్గేలోగా బ్యాండును నడిపే లీడరు తరువాతి నంబరు చెబుతాడు; ఆ కొద్ది క్షణాలలో కాగితం తీసి, మ్యూట్ (నాదాన్ని మార్చడానికి వాద్యం నోటికి పెట్టే మూత) కావాలో లేదో చూసి, వాద్యం ఎత్తాలి. ముందే రాసి ఇచ్చిన జాబితా మీద నమ్మకం పెట్టుకోవద్దు. మంచి లీడరు హాలును చూసి జాబితాను మారుస్తాడు. 1935 వేసవిలో బెన్నీ గుడ్‌మన్ బ్యాండు తూర్పు నుంచి పడమరకు వచ్చిన పర్యటన డెన్వర్ వంటి చోట్ల చాలా నిరాశగా నడిచింది. ఆగస్టు 21న లాస్ ఏంజెలెస్‌లోని పాలోమార్ బాల్‌రూములో మొదట మామూలు చార్టులతో ఆరంభించి, స్పందన లేకపోవడంతో, ఫ్లెచర్ హెండర్సన్ కూర్చిన చార్టులు తీసినప్పుడు జనం వేదిక ముందుకు తోసుకువచ్చారు. స్వింగ్ యుగం ఆ రాత్రి మొదలైందని చరిత్రకారులు చెబుతుంటారు. నాకు మాత్రం ఆ కథ విన్న ప్రతిసారీ, ఆ మార్పు జరిగిన క్షణంలో మూడో ట్రంపెట్ వాయించేవాడికి ఆ కాగితం వెంటనే దొరికిందా అన్న ఆలోచనే వస్తుంది.

అందుకని కచేరీ అయిన వెంటనే, చొక్కా గుండీ విప్పుకోక ముందే, బుక్కును మళ్లీ నంబర్ల వరుసలో పెట్టాలి. పొద్దున చూద్దాంలే అనుకుంటే, పొద్దున ఆ ఫోల్డరు బస్సు అడుగున సామాను గదిలో ఉంటుంది. కొత్త బుక్కు వచ్చిన మొదటి రెండు రోజులూ స్వరాల కంటే దారి ముఖ్యం: ఎక్కడ వెనక్కి వెళ్లాలి, ఎక్కడి నుంచి చివరి భాగానికి దూకాలి, ఎవరి సోలో ఎన్ని సార్లు తిరుగుతుంది అన్నవి పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. పెన్ను వాడకూడదు.

బస్సు

చాలా పర్యటనలు వన్-నైటర్లు, అంటే ఊరికి ఒక్క రాత్రి. మామూలు దినచర్య ఇలా ఉంటుంది: ఉదయం తొమ్మిదికి బస్సు కదులుతుంది, నాలుగైదు గంటల ప్రయాణం, హోటలులో ఒక గంట, సౌండ్ చెక్, భోజనం, కచేరీ, సామాను సర్దడం, అర్ధరాత్రికి పడక. తొమ్మిదికి అంటే తొమ్మిదికి చక్రం కదులుతుంది. మీరు ఎనిమిది ముప్పావుకే సీటులో ఉండాలి. పదిహేను మంది ఒక్కరి కోసం ఎదురుచూసిన పది నిమిషాలను ఎవరూ పైకి అనరు, ఎవరూ మరవరు కూడా.

ఏ సీటు ఎవరిదో బయటి వారికి తెలియదు గాని, లోపలి వారికి తెలుసు. మొదటి రోజు అందరూ కూర్చున్న తరువాత మిగిలిన చోట కూర్చోండి. మనసులో సురభి నాటక సమాజం లాంటి కుటుంబాన్ని ఊహించుకుని బస్సెక్కిన నాకు, మొదటి వారంలో ఎవరూ ఎక్కువగా మాట్లాడకపోవడం బాధ కలిగించింది. అది కోపం కాదని, పగటి నిద్రను, చెవుల విశ్రాంతిని అక్కడ అందరూ ఆస్తిలా కాపాడుకుంటారని తరువాత అర్థమైంది. ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోనులో పాటలు పెట్టకూడదు. వాసన వచ్చే డబ్బా మూత తెరవకూడదు. కందిపొడి ఫరవాలేదు గాని, గోంగూర పచ్చడి సీసా మూసిన కిటికీల బస్సులో మిమ్మల్ని నెల రోజుల పాటు గుర్తుండిపోయేలా చేస్తుంది.

ప్రయాణ ప్రణాళిక చేతికి రాగానే దూరాలు లెక్కవేయండి. అమెరికా నిబంధనల ప్రకారం ప్రయాణికుల బస్సు డ్రైవరు ఎనిమిది గంటల విరామం తరువాత పది గంటలకు మించి నడపకూడదు. ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు ముప్పావు గంట ఆగాలి. ఈ లెక్కకు సరిపడని ప్రణాళిక ఉంటే, కొత్తవారైనా సరే, రోడ్ మేనేజరును అడగాలి. కచేరీ అయ్యాక సొంత కార్లలో తరువాతి ఊరికి బయలుదేరుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. బ్యాండు లీడరు హాల్ కెంప్ 1940 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళుతూ కారు ప్రమాదానికి గురై చనిపోయాడు. క్యాబ్ కాలోవే బ్యాండులో టెనర్ శాక్సఫోన్ వాయించిన చూ బెరీ, 1941 అక్టోబరులో ఒహాయో నుంచి టొరంటోకు కారులో పోతుండగా జరిగిన ప్రమాదంలో ముప్పై ఏళ్లు దాటిన కొద్దికాలానికే పోయాడు. ఇద్దరూ ఒక కచేరీ నుంచి మరో కచేరీకి పోయే దారిలోనే పోయారు.

బస్సు ఇరుకుగా ఉందని విసుగు వచ్చినప్పుడు ఒక సంగతి గుర్తు చేసుకోవచ్చు. జాతి విచక్షణ చట్టాలున్న దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతి బ్యాండ్లకు హోటలు గదులు ఇచ్చేవారు కాదు, భోజనశాలల్లో కూర్చోనిచ్చేవారు కాదు. నల్లజాతి బ్యాండు లీడరు డ్యూక్ ఎలింగ్టన్ 1930లలో ఆ ప్రాంతానికి వెళ్లేటప్పుడు పుల్‌మన్ రైలు పెట్టెలనే అద్దెకు తీసుకుని, అందులోనే బ్యాండు పడుకునేలా, తినేలా ఏర్పాటు చేసుకున్నాడు. మిసిసిపీలోని పైనీ వుడ్స్ పాఠశాలలో 1937లో మొదలైన ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్ అనే, నల్లజాతివారే ఎక్కువగా ఉన్న స్త్రీల బ్యాండు కూడా బస్సులోనే బతికింది. నల్లజాతివారికి ఎక్కడ గది దొరుకుతుందో చెప్పే గ్రీన్ బుక్ అనే ప్రయాణ మార్గదర్శి 1936 నుంచి అచ్చయింది.

పెదవి, రీడు, శ్రుతి

ఇత్తడి వాద్యకారులకు పెదవే ఉపాధి. వరుసగా ఐదు రాత్రులు వాయిస్తే ఆరో రాత్రి దాని ఫలితం తెలుస్తుంది. పొద్దున హోటలు గదిలో ప్రాక్టీస్ మ్యూట్ పెట్టి పది పదిహేను నిమిషాలు కింది స్థాయిలో దీర్ఘ స్వరాలు పట్టండి. కచేరీ అయ్యాక కూడా ఐదు నిమిషాలు అవే స్వరాలు మెల్లగా పట్టి పెదవిని చల్లబరచండి. అలసిన పెదవితో పై స్వరాలు అందుకోవడానికి మౌత్‌పీసును గట్టిగా నొక్కకూడదు. ఆ రాత్రికి గడిచినా మరుసటి రోజు వాపు తప్పదు. లీడ్ ట్రంపెట్ వాయించేవారిది అన్నిటికంటే బరువైన పని కనుక, కొన్ని పాటల్లో ఆయన భాగం మీకు ఇస్తానంటే కాదనకుండా, అలాగని ఆత్రం చూపకుండా తీసుకోండి.

ఇక ఆవకాయ సంగతి. ఉప్పు పెదవిని ఉబ్బిస్తుంది, కారం మంట పెడుతుంది. సాయంత్రం ట్రంపెట్ వాయించవలసినవారు మధ్యాహ్నం ఆవకాయన్నం తినకూడదు. ఈ మాట రాస్తున్నందుకు నాకే కష్టంగా ఉంది. కచేరీ ముందు పెరుగన్నం, అరటిపండు ఉత్తమం. అసలు భోజనం కచేరీ తరువాత.

శాక్సఫోన్ వారి కష్టం వేరు. డెన్వర్ వంటి పొడి గాలి ఊళ్లో రీడ్లు, అంటే ఊదే చోట అమర్చే పలుచని బద్దలు, వంకర తిరుగుతాయి, సముద్రతీరంలో మెత్తబడతాయి. నాలుగు రీడ్లను మార్చి మార్చి వాడుతూ, మూసిన పెట్టెలో దాచాలి. చెక్క క్లారినెట్‌ను చలిలో సామాను గదిలో వదలకూడదు, చల్లగా ఉన్నప్పుడు వెంటనే ఊదకూడదు, పగులుతుంది.

వాద్యం లోపలి గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే శ్రుతి దాదాపు 3 సెంట్లు పెరుగుతుంది. రెండు పక్క స్వరాల మధ్య దూరం 100 సెంట్లు. చలికాలంలో బస్సు నుంచి అప్పుడే దించిన ట్రాంబోనుకూ వేదిక మీది పియానోకూ ఎందుకు పొసగదో ఇప్పుడు తెలిసిందనుకుంటాను. ముందు వాద్యాన్ని వేడెక్కించి, తరువాత శ్రుతి చేసుకోండి.

మ్యూట్లలో స్ట్రెయిట్, కప్, హార్మన్ కొనవలసిందే. ప్లంజర్ మాత్రం హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే, మరుగుదొడ్డి గొట్టం శుభ్రం చేసే రబ్బరు గిన్నె. కర్ర తీసేసి వాడతారు. విమానాశ్రయ తనిఖీలో దాని గురించి ఏదో ఒకనాడు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. 2012 నాటి అమెరికా చట్టం ప్రకారం, స్థలం ఉంటే ట్రంపెట్ వంటి చిన్న వాద్యాన్ని క్యాబిన్‌లోకి తీసుకువెళ్లనివ్వాలి. ఆ నిబంధన ప్రతిని జేబులో ఉంచుకుని, ముందుగానే విమానం ఎక్కేవారి వరుసలో నిలబడండి. బాస్ వాయించేవారు చాలామంది కచేరీ జరిగే చోట ఇచ్చిన వాద్యంతోనే సరిపెట్టుకుంటారు. డ్రమ్మరు తన సింబల్స్, స్నేర్, పెడలు వెంట తెచ్చుకుంటే చాలు.

దుస్తులు

నల్ల సూటు ఒకటి, తెల్ల చొక్కాలు నాలుగు, నల్ల బూట్లు రెండు జతలు. సూటును రోజూ ఉతకలేరు కనుక, రంగస్థలం వారు చేసినట్టు, చవకరకం వోడ్కాను స్ప్రే సీసాలో పోసి చంకల దగ్గర లోపలి వైపు చల్లి ఆరేయండి. చెమట వాసన పోతుంది. ఆ సీసాకు పేరు రాసి పెట్టకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

వేదిక మీద

సౌండ్ చెక్‌లో మీ సొంత విన్యాసాలు వాయించవద్దు. బ్యాండులోని అతి గట్టి పాట, అతి మెల్లని పాట చూసుకుంటే హాలు తీరు తెలిసిపోతుంది. ప్రతిధ్వని ఎక్కువున్న హాలులో స్వరాలను ఇంకా పొట్టిగా తుంచాలి. ఆ నిర్ణయం లీడ్‌ది. మానిటరులో (వాద్యకారుల వైపు తిప్పి పెట్టిన స్పీకరులో) ఏమీ వినిపించకపోతే హై-హ్యాట్‌ను (డ్రమ్మరు కాలితో మూసి తెరిచే జంట సింబల్స్‌ను), బాస్‌ను చెవితో వెతికి పట్టుకోండి. ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో కౌంట్ బేసీ బ్యాండులో చేరి, మధ్యలో కొద్దికాలం మినహా 1987లో చనిపోయేదాకా, కొలతకు, అంటే తాళం ఒక చుట్టుకు, నాలుగు దెబ్బలు చొప్పున, యాంప్లిఫయర్ లేకుండా గిటారు వాయించాడు. ఆ గిటారు వినిపించేలా మిగతా బ్యాండు వాయించగలగడమే ఆ బృందం గొప్పతనమని నా అభిప్రాయం.

ముందు కూర్చున్నది శ్రోతలా, నృత్యం చేసేవారా అన్నది కూడా చూడాలి. లిండీ హాప్ ఆడేవారు మూడు నాలుగు నిమిషాలకు మించిన పాటకు అలసిపోతారు. సోలో మీకు పదహారు కొలతలని రాసి ఉంటే పదహారే. బాగా వస్తోందని మరో పదహారు తీసుకుంటే, వెనుక నేపథ్యపు స్వరాలతో సిద్ధంగా నిలబడ్డ ట్రాంబోన్లు గాలిలో ఆగిపోతాయి.

మధ్యలో చేరినవారు భయపడనక్కరలేదు. 1940 నవంబరులో ట్రంపెట్ వాయించే కూటీ విలియమ్స్ ఎలింగ్టన్ బ్యాండును వదిలి గుడ్‌మన్ దగ్గరకు వెళ్లగా, ఆ కుర్చీలోకి వచ్చిన రే నాన్స్, చేరిన కొద్ది రోజులకే, నవంబరు 7న ఉత్తర డకోటాలోని ఫార్గో బాల్‌రూములో వాయించాడు. ఇద్దరు యువకులు ఆ రాత్రిని రికార్డు చేశారు కనుక ఆ కచేరీని ఇప్పటికీ వినవచ్చు.

పర్యటన ముగిసి కుర్చీ వదిలేటప్పుడు బుక్కులో మీరు రాసిన పెన్సిలు గుర్తులను చూసుకోండి. మీకోసం రాసుకున్న తిట్లు, బొమ్మలు, భోజనపు లెక్కలు చెరిపేయండి. దారి చూపే గుర్తులు ఉంచండి: 114లో రెండోసారి తిరగడం లేదు, 87లో కప్ మ్యూట్ తీయడానికి రెండు దెబ్బలే సమయం, 203లో లీడ్ ఊపిరి తీసుకోడు కాబట్టి మీరు తీసుకోండి. నా బుక్కులో నాకంటే ముందు కూర్చున్నవారు 61వ నంబరు చివర "లీడరు చేతిని నమ్మకు, డ్రమ్మరును చూడు" అని రాసి ఉంచారు. అది నేను చెరపలేదు.