వన్ ఇంచ్ పంచ్: చిన్న పుస్తకం చూసి నేర్చుకోవడం ఎలా?

వన్ ఇంచ్ పంచ్ అంటే అంగుళం దూరం నుంచే కొట్టే గుద్దు. దాన్ని నేర్పే చిన్న పుస్తకాల్లో సాధారణంగా నాలుగైదు బొమ్మలుంటాయి. ఎలా నిలబడాలి, పిడికిలి ఎలా పట్టాలి, కొట్టాక చెయ్యి ఎక్కడుండాలి. అసలు విద్యంతా ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య జరుగుతుంది. అది మనమే పూరించుకోవాలి.

ఈ గుద్దు దక్షిణ చైనాలో పుట్టిన వింగ్ చున్ లాంటి యుద్ధవిద్యల నుంచి వచ్చింది. 1964లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ కరాటే పోటీల దగ్గర బ్రూస్ లీ చేసి చూపించాక బాగా పేరొచ్చింది. అంగుళం అంటే రెండున్నర సెంటీమీటర్లే, అంత తక్కువలో చెయ్యి ఒక్కటే వేగం అందుకోలేదు. బలం పాదం దగ్గర మొదలై మోకాలు, తుంటి, భుజం, మోచేయి మీదుగా పిడికిలికి చేరాలి. 2012లో లండన్ పరిశోధకులు కరాటే బ్లాక్ బెల్టుల చేత 5 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టించి చూశారు. భుజం, మణికట్టు కదలికలు ఎంత బాగా కలిసొస్తే దెబ్బ అంత గట్టిగా పడింది. అందుకే కండలు పెంచాక మొదలుపెడదాం అని ఆగక్కర్లేదు.

1. ముందు పుస్తకం మొత్తం రెండుసార్లు చదవండి. తర్వాత ఎవరైనా మెల్లగా చదువుతుంటే మీరు చేయండి. ఒక చేత్తో పుస్తకం పట్టుకుని సాధన చేస్తే నడుము తిరగదు.

2. కుడిచేతి వాటమైతే కుడికాలు ముందు పెట్టండి. మోకాళ్లు కాస్త వంచి, వెనక మడమ కొద్దిగా లేపండి. మోచేయి నేలవైపు చూడాలి.

3. బొటనవేలు బయట ఉంచి, పిడికిలిని నిలువుగా పట్టండి. మణికట్టు తిన్నగా ఉండాలి. దెబ్బ భారం చిటికెనవేలి మెటిక ఒక్కదానిమీద పడితే అరచేతిలోని ఎముక విరగొచ్చు.

4. ఇప్పుడు గుద్దొద్దు. అరచేతిని గోడకి ఆనించి, వెనక పాదంతో నేలని తొక్కుతూ తుంటిని తిప్పండి. ఆ తోపు అరచేతి దాకా వచ్చిందా? భుజం పైకి లేస్తే మధ్యలోనే ఆగిపోయినట్టు. నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. కనీసం వారం రోజులు ఇక్కడే ఉండండి. విసుగొస్తుంది, అయినా వదలొద్దు.

5. తర్వాత మందపాటి ప్యాడ్ మీద ఆరు అంగుళాల నుంచి మెల్లగా మొదలుపెట్టండి. దెబ్బ కుదిరాకే మూడు అంగుళాలు, ఆ తర్వాత ఒకటి. తగిలే క్షణం దాకా చెయ్యి వదులుగా ఉండాలి, తగిలేటప్పుడే పిడికిలి బిగించి ఊపిరి వదలాలి. ముందే బిగిస్తే కండరాలు ఒకదాన్నొకటి లాగి వేగం చచ్చిపోతుంది. రోజుకి ఇరవై ముప్పై చాలు. మణికట్టు నొప్పెడితే ఆ రోజుకి ఆపేయండి.

చాలామంది ఇక్కడ నెట్టడాన్నే గుద్దు అనుకుంటారు. ఎదుటి మనిషి వెనక్కి వెళ్లి కుర్చీలో పడే ప్రదర్శనలు చూసి అలా అనిపించడం సహజం. పంచింగ్ బ్యాగ్ ఉంటే తేడా తెలిసిపోతుంది. నెడితే బ్యాగ్ ఊగుతుంది. గుద్దితే తగిలినచోట లోపలికి నొక్కుకుపోతుంది, ఊపు తక్కువ. స్నేహితుడు ప్యాడ్ పట్టుకుంటే అతన్నే అడగండి, అదురు తెలిసిందా, ఒట్టి తోపేనా అని. ప్యాడ్ లేకుండా మాత్రం ఎవరి ఛాతీ మీదా ప్రయత్నించకండి. సరిగ్గా కుదిరిన దెబ్బ నిజంగా గాయం చేస్తుంది.

వారానికోసారి పక్కనుంచి ఫోన్లో వీడియో తీసి, స్లో మోషన్‌లో చూడండి. తుంటి కంటే ముందు పిడికిలి కదిలితే, మళ్లీ గోడ దగ్గరికి వెళ్లి నాలుగో మెట్టు చేయండి.