చర్మవైద్యుల చీటీలోని మాటలను చదివి అర్థం చేసుకోవడం ఎలా

చర్మవైద్యుల చీటీలో మందుల పేర్లకు పైన ఒకటి రెండు మాటలు రాసి ఉంటాయి. మందుల దుకాణంలో వాటితో పని ఉండదు కనుక అక్కడ ఎవరూ వాటిని పట్టించుకోరు. రోగి మాత్రం ఇంటికి చేరాక ఆ మాటలను ఫోన్‌లో వెతికి, ఎవరివో భయంకరమైన బొమ్మలు చూసి బెంగ పెట్టుకుంటాడు. చర్మం, వెంట్రుకలు, గోళ్లకు వచ్చే జబ్బుల పేర్లలో ఎక్కువ భాగం గ్రీకు, లాటిన్ ముక్కలను అతికించి కట్టినవే కాబట్టి, ఆ ముక్కలు కొన్ని తెలిస్తే చాలా పేర్లను మనమే విడదీసుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. చీటీ మీద ఉన్న మాట జబ్బుకు కారణం చెబుతోందా, లేక కంటికి కనిపించిన లక్షణాన్ని మాత్రమే చెబుతోందా అన్నది తేల్చుకోవాలి.

ఉదాహరణకు ప్రురైటస్ అంటే దురద. దురదగా ఉందని చెప్పి వైద్యుల దగ్గరకు వెళితే చీటీ మీద ప్రురైటస్ అని రాసి ఇస్తారు. మనం చెప్పిందే లాటిన్‌లో మనకు తిరిగి వచ్చిందన్నమాట. అలోపేసియా అంటే జుట్టు లేకపోవడం, డెర్మటైటిస్ అంటే చర్మం ఎర్రబడి కందిపోవడం. ఇవన్నీ వర్ణనలే. టీనియా, స్కేబీస్ అనే మాటలు అలాంటివి కావు. మొదటిది ఫంగస్ వల్ల వచ్చే తామరను, రెండోది చర్మంలో బొరియలు చేసే సూక్ష్మమైన పురుగు వల్ల వచ్చే గజ్జిని చెబుతాయి. మొదటి రకం మాట కనిపిస్తే, "ఇది దేనివల్ల వచ్చి ఉంటుందండీ?" అని అడగాలి. రెండో రకమైతే, ఇంట్లో మిగిలినవారికి కూడా మందు వాడాలా, మందు ఎన్ని వారాలు వాడాలి అన్నవి అడగాలి. గజ్జి విషయంలో దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోకపోతే అది ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

పేరును చివరి నుంచి విడదీయాలి

పేరు చదివేటప్పుడు తోకతో మొదలుపెట్టడం సులువు. చివర "ఐటిస్" ఉంటే అక్కడ వాపు, ఎరుపు, మంట ఉన్నాయని అర్థం. "మైకోసిస్" ఉంటే ఫంగస్, "లైసిస్" ఉంటే ఊడిపోవడం లేదా విడిపోవడం. "ఓమా" అంటే గడ్డ. ఈ తోక చూసి క్యాన్సర్ అనుకోనక్కరలేదు, ఎందుకంటే లైపోమా అనేది హాని చేయని కొవ్వు గడ్డ. అయితే మెలనోమా మాత్రం నిజంగానే క్యాన్సర్.

తోక తెలిశాక మూలం చూడాలి. చర్మానికి డెర్మ, క్యూటిస్; వెంట్రుకకు ట్రైకో, పైలో; గోరుకు ఒనికో, అంగ్వ; గట్టిపడిన పొరకు కెరాటో. రంగులకు కూడా ముక్కలున్నాయి: తెలుపుకు ల్యూకో, నలుపుకు మెలనో, ఎరుపుకు ఎరిత్రో, పసుపుకు జాంతో. వీటితో ఒనికోమైకోసిస్ అంటే గోళ్లకు పట్టిన ఫంగస్ అనీ, ఒనికోలైసిస్ అంటే గోరు కింది కండ నుంచి విడిపోవడం అనీ తెలిసిపోతుంది. మొదటిది కారణం చెప్పింది, రెండోది చెప్పలేదు. గోరు విడిపోవడం దెబ్బ వల్ల కావచ్చు, సోరియాసిస్ వల్ల, థైరాయిడ్ వల్ల, ఫంగస్ వల్ల కూడా కావచ్చు. కనురెప్పల మీద వచ్చే పసుపు పచ్చని బిళ్లలను జాంతెలాస్మా అంటారు. అవి ఉన్నవారిని రక్తంలో కొలెస్ట్రాల్ చూపించుకోమనడం మామూలే.

పేరు ముందో వెనుకో చేరే విశేషణాల దగ్గర చాలామంది తడబడతారు. అక్యూట్ అంటే ఈమధ్యే మొదలైనదనీ, క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నదనీ అర్థం. జబ్బు తీవ్రతతో ఆ మాటలకు సంబంధం లేదు. దద్దుర్ల విషయంలో ఆరు వారాలు దాటితే క్రానిక్ అంటారు. ఇడియోపతిక్ అంటే కారణం తెలియలేదని గౌరవంగా ఒప్పుకోవడమే. వల్గారిస్ అంటే సాధారణంగా కనిపించే రకం: మొటిమలు యాక్నే వల్గారిస్, మామూలు పులిపిర్లు వెరూకా వల్గారిస్. కానీ పెంఫిగస్ వల్గారిస్ అన్నప్పుడు ఆ మాట చూసి తేలికగా తీసుకోకూడదు. నోట్లోనూ ఒంటి మీదా బొబ్బలు వచ్చి పగిలి పుండ్లయ్యే ఆ జబ్బుకు వెంటనే గట్టి చికిత్స కావాలి.

కళ్లు మూసుకుని వేలితో తడమండి

చర్మం మీద కనిపించేదాన్ని ఆకారం ప్రకారం వర్గాలుగా విభజించే పద్ధతిని 18వ శతాబ్దం చివరలో, 19వ శతాబ్దం మొదట్లో లండన్ వైద్యుడు రాబర్ట్ విల్లన్ స్థిరపరిచారు. ఈనాటి వైద్యులు కూడా దాదాపు అవే మాటలు వాడతారు. వాటిని గుర్తు పెట్టుకోవడానికి మంచి ఉపాయం, కళ్లు మూసుకుని ఆ మచ్చ మీదుగా వేలు పోనివ్వడం. వేలికి ఏమీ తగలకపోతే, అంటే రంగు మాత్రమే మారితే అది మాక్యూల్. అదే పెద్దదైతే ప్యాచ్. చిన్నగా ఉబ్బెత్తుగా తగిలితే పాప్యూల్, బిళ్లలా వెడల్పుగా తగిలితే ప్లాక్, లోతుగా గడ్డలా తగిలితే నాడ్యూల్. చిన్నా పెద్దా అనే హద్దును చాలా పుస్తకాలు ఒక సెంటీమీటరు దగ్గర పెడతాయి. నీటిపొక్కు వెసికిల్, పెద్ద బొబ్బ బుల్లా, చీముపొక్కు పస్ట్యూల్. పొట్టు రాలితే స్కేల్, ఎండిన పెచ్చు కడితే క్రస్ట్, పగులు ఫిషర్, పుండు అల్సర్.

దద్దును వీల్ అంటారు. దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక దద్దు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన సమయం రాసి పెట్టుకోండి. కొత్తవి వేరేచోట వస్తున్నా, గీత లోపలిది 24 గంటల్లో మచ్చ లేకుండా మాయమైతే అది మామూలు అర్టికేరియా, అంటే దద్దుర్ల జబ్బు. గీత లోపల మర్నాడూ అలాగే ఉండి, మంటపెట్టి, పోయేటప్పుడు కమిలిన మచ్చ మిగిల్చితే ఆ సంగతి వైద్యులకు తప్పకుండా చెప్పాలి. ఎర్రమచ్చల మీద గాజు గ్లాసు అదిమి చూడటం కూడా ఉపయోగపడుతుంది. అదిమినప్పుడు ఎరుపు పోకపోతే రక్తం చర్మంలోకి చిందిందని అర్థం. చీటీలో దాన్ని పర్‌ప్యూరా అని రాస్తారు. జ్వరంతో పాటు అలాంటి మచ్చలు కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లడానికి తెల్లారేదాకా ఆగకూడదు.

టీనియా పక్కన ఉన్న మాట

మన వాతావరణంలో చాలా ఎక్కువగా చీటీకెక్కే పేరు టీనియా. దాని పక్కన వచ్చే లాటిన్ మాట ఒంట్లో చోటును చెబుతుంది: కార్పోరిస్ అంటే ఒళ్లు, క్రూరిస్ అంటే గజ్జలు, కాపిటిస్ అంటే తల, ఫేసియై అంటే ముఖం, పీడిస్ అంటే పాదం, అంగ్వియం అంటే గోళ్లు. కార్పోరిస్ ఎట్ క్రూరిస్ అని ఉంటే రెండుచోట్లా ఉందని అర్థం. టీనియా వెర్సికలర్ మాత్రం ఈ వరసలోది కాదు. అది ఛాతీ మీదా వీపు మీదా సన్నని పొట్టుతో కనిపించే శోభి. దాన్ని తెచ్చేది మలసేజియా అనే వేరే ఈస్ట్ రకం ఫంగస్ కనుక ఇప్పుడు పిటిరియాసిస్ వెర్సికలర్ అనే రాస్తున్నారు.

టీనియా ఇన్‌కాగ్నిటో అని కనిపిస్తే కాస్త ఆగి ఆలోచించాలి. ఇన్‌కాగ్నిటో అంటే వేషం మార్చుకున్నదని అర్థం. తామర మీద స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ రాస్తే రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి, ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆపగానే రెట్టింపుగా తిరగబెడుతుంది. మామూలు తామర మధ్యలో తేటపడి అంచున ఎర్రగా ఉండే ఒకే చక్రం. స్టెరాయిడ్ తగిలినది చక్రంలో చక్రంగా కనిపిస్తుంది, లేదా అంచే లేకుండా అలుక్కుపోతుంది. మన దేశంలో తామర ఇంత మొండికేయడానికి దుకాణంలో అడిగి కొనుక్కునే ఈ మిశ్రమాలు ఒక కారణం. దానికి తోడు టెర్బినాఫిన్ మందుకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అనే ఫంగస్ కూడా ప్రబలింది. దానికి ఆ పేరు 2020లో పెట్టారు. ట్యూబు వెనుక చిన్న అక్షరాల్లో క్లోబెటాసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ల పేర్లున్నాయేమో చూసుకోండి. ఉంటే, ఆ ట్యూబును పారేయకుండా వైద్యులకు చూపించండి. చీటీలో కె.ఓ.హెచ్. అని రాస్తే, గీకి తీసిన పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి ఫంగస్ పోగుల కోసం సూక్ష్మదర్శినిలో చూస్తారు.

తెల్లమచ్చలు, నల్లమచ్చలు

డీపిగ్మెంటెడ్ అంటే రంగు పూర్తిగా పోయి పాలలా తెల్లబడినది. బొల్లిలో, అంటే విటిలిగోలో, ఇలాగే ఉంటుంది. హైపోపిగ్మెంటెడ్ అంటే రంగు తగ్గినది మాత్రమే. పిల్లల బుగ్గల మీద వచ్చే పాలిపోయిన మచ్చలను పిటిరియాసిస్ ఆల్బా అంటారు. అవి పొడి చర్మం వల్ల వచ్చేవే తప్ప మన ఇళ్లలో అనుకునేటట్టు కడుపులో నులిపురుగుల వల్ల కాదు. రంగు తగ్గిన మచ్చ మీద స్పర్శ కూడా తగ్గితే కుష్ఠు ఉందేమో చూస్తారు. చీటీలో దాన్ని హాన్సెన్స్ డిసీజ్ అని రాస్తారు. 1873లో ఆ క్రిమిని గుర్తించిన నార్వే వైద్యుడి పేరది. క్రిములు తక్కువున్న రకానికి ఆరు నెలలు, ఎక్కువున్న రకానికి పన్నెండు నెలలు వాడే ఎం.డి.టి. మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. బొల్లిని తెల్లకుష్ఠు అనడం ఎంత తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది. బొల్లి అంటుకోదు, స్పర్శ పోదు.

నల్లమచ్చల్లో మెలాస్మా అంటే మంగు. పి.ఐ.హెచ్. అంటే మొటిమో పుండో మానాక మిగిలిన నలుపు. అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటే మెడ వెనుక, చంకల్లో మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడటం. దాన్ని మురికనుకొని పీచుతో తోమేవాళ్లు చాలామంది ఉన్నారు. దానికి పీచు కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కారణం కావచ్చు గనుక షుగరు, బరువు చూపించుకోవడం అవసరం.

జుట్టు, గోళ్లు

ఎ.ఎ. అంటే అలోపేసియా ఏరియాటా, మన పేనుకొరుకుడు. పేనుకు దీనితో ఏ సంబంధమూ లేదు. శరీర రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల నున్నగా బిళ్లలా ఊడుతుంది. టి.ఈ. అంటే టెలోజెన్ ఎఫ్లూవియం: డెంగీ వంటి జ్వరం, కాన్పు, పెద్ద శస్త్రచికిత్స అయిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లతో రాలుతుంది, తరువాత చాలామందిలో దానంతటదే తిరిగి వస్తుంది. ఎ.జి.ఎ. వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. సికాట్రీషియల్ అనే మాట ముందుంటే కుదుళ్లు మచ్చకట్టి మూసుకుపోతున్నాయని అర్థం. పోయిన చోట జుట్టు రాదు కనుక అక్కడ ఆలస్యం చేయకూడదు.

పరొనికియా అంటే గోరుచుట్టు. ఎప్పుడూ తడిలో పనిచేసే చేతులకు అది పదేపదే వస్తుంది. కోయిలొనికియా అంటే గోరు చెంచాలా లోపలికి వంగడం. ఇది ఇనుము లోపానికి గుర్తు కావచ్చు. పిట్టింగ్ అంటే సూదితో పొడిచినట్టు గుంటలు; సోరియాసిస్‌లో తరచుగా ఉంటాయి. చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలి గోరు ఇంకా నెమ్మది. అందుకే కాలి గోటి ఫంగస్‌కు మందు పనిచేసినా గోరు పూర్తిగా మారడానికి ఏడాది పైనే పడుతుంది. మెలనొనికియా అంటే గోటి మీద నిలువుగా నల్లచార. మన వంటి చామనఛాయ వారికి చాలా గోళ్లకు ఉంటే సాధారణంగా భయం లేదు, కానీ పెద్దవయసులో ఒకే గోటికి కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే చూపించుకోవాలి.

చివరగా మందుల పక్కన ఉండే పొట్టి అక్షరాలు. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి, బి.డి. రెండుసార్లు, హెచ్.ఎస్. పడుకునే ముందు, ఎస్.ఓ.ఎస్. అవసరమైతేనే. ఎల్.ఎ. అని ఉంటే ఆ చోట పైపూతగా రాయాలని. ఎంత రాయాలో చీటీలో లేకపోతే ఒక కొలత ఉంది: పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండిన మందు సుమారు అర గ్రాము ఉంటుంది, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది.