రాయడానికి కూర్చోగానే మొదటి వాక్యం తోచకపోతే

చెప్పవలసిన విషయం మనసులో స్పష్టంగానే ఉన్నా, రాయడానికి కూర్చోగానే మొదటి వాక్యం దగ్గరే అరగంట గడిచిపోవడం క్రమం తప్పకుండా రాయాలనుకునే చాలామందికి ఎదురయ్యే చికాకు.

ముందుగా ఒక కాగితంపై ఎవరికి చెబుతున్నాను, ఏమి చెబుతున్నాను, ఏ ఉదాహరణతో చెబుతున్నాను అని మూడే మూడు పంక్తులు రాసుకోండి. తరువాత ఫోనులోని జీబోర్డ్ (గూగుల్ వారి కీబోర్డు యాప్) సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చి, మైకు గుర్తును నొక్కి, ఎదురుగా ఒక స్నేహితుడు కూర్చున్నట్లు భావించి మూడు నాలుగు నిమిషాలు ఆగకుండా మాట్లాడండి. మీ మాటలే తెరపై అక్షరాలుగా పడతాయి. తప్పులు పడుతున్నా అప్పుడు దిద్దవద్దు. దిద్దడం మొదలుపెడితే ఆలోచన తెగిపోతుంది. ఆ ప్రతిని ఒక రాత్రి పక్కన పెట్టి, మరునాడు బిగ్గరగా చదువుతూ, ఊపిరి చాలని చోట వాక్యాన్ని రెండుగా విడగొట్టి, ‘అన్నమాట’, ‘మరి’ వంటి ఊతపదాలను తీసివేయండి. (ఇలా దిద్దుతూ ఉంటే మన మాటలో ఏ ఊతపదం ఎక్కువో తెలిసివస్తుంది, నా దృష్టిలో అసలు లాభం ఇదే, ఇంటర్వ్యూలలోనూ సమావేశాలలోనూ అది అక్కరకు వస్తుంది.)

చుట్టూ చప్పుడు ఉన్నప్పుడు, ఇంగ్లీషు మాటలు ఎక్కువగా కలిసినప్పుడు ఈ పద్ధతి సరిగా పనిచేయదు. పేర్లు, అంకెలు, ల-ళ, శ-ష తేడాలు తరచుగా తప్పుగా పడతాయి కనుక వాటిని విడిగా సరిచూసుకోవాలి. లెక్కలు, తేదీలు నిండిన అర్జీలను మాత్రం చేత్తో రాసుకోవడమే మేలు.