ఎంఎస్ ఉన్న ఇంట్లో తిండి, మాత్రలు, ఎండ

మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎంఎస్) ఉందని తేలిన ఇంట్లో వారం గడవకముందే తిండి గురించిన సలహాలు మొదలవుతాయి. గోధుమ మానేయమని ఒకరు, పాలు ముట్టవద్దని మరొకరు, తిప్పతీగ కషాయం తాగితే నరాలకు బలమని ఇంకొకరు చెబుతారు. మా అక్కకు ఈ జబ్బు బయటపడిన నాటి నుంచి ఆమె మందులూ తిండీ నేనే చూసుకుంటున్నాను కనుక, ఈ సలహాల్లో ఏది ఎంతవరకు పనికొస్తుందో, ఏది ఎక్కడ ప్రమాదమో, మేము ఏ పద్ధతిలో నడుచుకుంటున్నామో ఇక్కడ రాస్తున్నాను.

ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లోని తంతువుల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు పొరపై దాడి చేస్తుంది. పొర పోయిన చోట నాడీ సంకేతం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఎంఆర్ఐలో కొత్త మచ్చలు రాకుండా, జబ్బు తిరగబెట్టే దాడులు, అంటే రిలాప్స్‌లు తగ్గేలా చేస్తాయని పరీక్షల్లో గట్టిగా రుజువైనవి న్యూరాలజిస్టు రాసే మందులే. ఏ ఆహార నియమానికీ ఆ స్థాయి రుజువు లేదు. తిండి, అలవాట్లు పనిచేసే చోటు వేరు. అలసట, మలబద్ధకం, మూత్రం ఇబ్బంది, ఎముకల బలం, బరువు వాటి పరిధిలోకి వస్తాయి. బీపీ, షుగరు కూడా ఉన్నవారిలో ఎంఎస్ వల్ల కలిగే వైకల్యం త్వరగా పెరుగుతున్నట్టు పరిశీలనల్లో కనబడింది కనుక, వాటిని అదుపులో పెట్టడం కూడా ఈ జబ్బుకు చేసే చికిత్సలో భాగమే. అందువల్ల ఏ కొత్త పద్ధతి మొదలుపెట్టినా అది దేనికోసమో ముందుగా ఒక కాగితం మీద రాసుకోవాలి. మందు మానేయవచ్చునన్న మాటతో వచ్చే ఆహార నియమాన్ని మాత్రం అక్కడికక్కడే పక్కన పెట్టాలి.

పళ్ళెంలో ఏమి ఉండాలి

ఎంఎస్‌కు ప్రత్యేక ఆహారం అన్న ఆలోచన కొత్తది కాదు. 1940ల చివర్లో మాంట్రియల్‌లో రాయ్ స్వాంక్ అనే న్యూరాలజిస్టు నెయ్యి, వెన్న, మాంసపు కొవ్వు వంటి సంతృప్త కొవ్వును రోజుకు 20 గ్రాముల లోపుకు తగ్గించే పద్ధతిని మొదలుపెట్టి, తన రోగులను దశాబ్దాల పాటు గమనించారు. అయితే పోల్చి చూడటానికి మామూలు తిండి తినే మరో బృందాన్ని ఆయన పెట్టుకోలేదు కనుక, ఆ ఫలితాలను రుజువుగా తీసుకోలేము. తరువాతి కాలంలో, స్వయంగా ఎంఎస్ ఉన్న అమెరికన్ వైద్యురాలు టెర్రీ వాల్స్ కూరగాయలు, ఆకుకూరలు, మాంసం ప్రధానంగా ఉండే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 2021లో ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టి పరీక్షించినప్పుడు రెండు బృందాల్లోనూ అలసట తగ్గింది. ఇందులోనూ మామూలు తిండి తినే బృందం లేదు. రెండింటిలోనూ ఉన్న ఉమ్మడి అంశం ఏమిటంటే, ప్యాకెట్ తిండి తగ్గి, కూరగాయలు పెరగడం. వాల్స్ పద్ధతిని అక్షరాలా పాటించబోతే ధాన్యాలు, పప్పులు, పాలు అన్నీ పోతాయి. శాకాహార తెలుగింట్లో ఇక మిగిలేది పోపు గింజలే.

కనుక మేము ఏ పేరున్న డైట్‌నూ పట్టుకోలేదు. పళ్ళెంలో అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీలో తోటకూర పప్పో బీరకాయ కూరో పెట్టాము. రాత్రి పూట జొన్న రొట్టె, వారంలో రెండుసార్లు కవళ్లో కానగంతలో పులుసు, చేప తినని రోజుల్లో అవిసెగింజల పొడి, కాసిన్ని వేరుశనగలు ఉంటాయి. డాల్డా, బేకరీ సరుకు, కూల్‌డ్రింకులు ఇంట్లోకి రావు. నెయ్యి చెంచాకు పరిమితం. గోధుమ మానాలంటే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్ష చేయించి, ఉందని తేలితేనే మానాలి. పాలు మానాలనుకునేవారు ఆ కాల్షియం రాగులు, నువ్వులు, మునగాకు నుంచి ఎలా వస్తుందో ముందు లెక్క చూసుకోవాలి, ఎందుకంటే రిలాప్స్ వచ్చినప్పుడల్లా వాడే స్టెరాయిడ్లూ, నడక తగ్గడమూ ఎముకలను ముందే బలహీనపరుస్తాయి. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించే ఆ మూడు నుంచి ఐదు రోజుల్లో షుగరు, బీపీ పెరగవచ్చు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలకు ఆ రోజుల్లో సెలవు ఇవ్వాలి.

మందుకూ తిండికీ ఉన్న సంబంధాన్ని కూడా అడిగి తెలుసుకోవాలి. ఉదాహరణకు డైమిథైల్ ఫ్యూమరేట్ అనే ఎంఎస్ మందు గుళిక ఖాళీ కడుపున వేసుకుంటే ముఖం, మెడ ఎర్రబడి మండడం, కడుపునొప్పి ఎక్కువవుతాయి. రెండు ఇడ్లీలు తిని వేసుకోవడం కన్నా పెసరట్టు, పల్లీ పచ్చడి, ఉడికించిన గుడ్డు వంటి మాంసకృత్తులు, కొవ్వు ఉన్న పలహారం తరువాత వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. ఆ గుళికను విప్పి పొడిగా కలపకూడదు, నమలకూడదు. ఏకాదశి, కార్తీక సోమవారం వంటి ఉపవాసాలు పాటించే ఇళ్లలో మందు వేళల సంగతి పండుగకు వారం ముందే వైద్యుణ్ణి అడగడం మంచిది.

మాత్రల డబ్బా లెక్క

ఒకరోజు అక్క మాత్రల డబ్బాను మంచం మీద బోర్లించి, ప్రతి అట్ట వెనుక రాసినది చదివి, పెద్ద కాగితం మీద రాశాను. కాల్షియం మాత్రలో విటమిన్ డి3 ఉంది. మల్టీవిటమిన్‌లో కూడా ఉంది. వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల సాచెట్ వేరే ఉంది. జుట్టు రాలుతోందని మేనకోడలు తెచ్చిచ్చిన మాత్రలో 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే బి విటమిన్ ఉంది. ఈ నాలుగూ రాసినవాళ్లు వేరువేరు, ఒకరు రాసినది ఇంకొకరికి తెలియదు. ఎంఎస్ ఉన్న ప్రతి ఇంట్లోనూ మొదట చేయవలసిన పని ఈ లెక్క రాయడమే. అట్టల మీద మోతాదు కొన్నిసార్లు మైక్రోగ్రాముల్లో ఉంటుంది; విటమిన్ డి విషయంలో ఒక మైక్రోగ్రాము అంటే 40 యూనిట్లు.

విటమిన్ డి తక్కువ ఉన్నవారికి ఎంఎస్ వచ్చే అవకాశం ఎక్కువని చాలాకాలంగా తెలుసు. వచ్చిన తరువాత ఎక్కువ మోతాదులో ఇస్తే జబ్బు తగ్గుతుందా అన్నదానికి మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు. 2025లో ప్రచురితమైన ఫ్రెంచ్ పరీక్షలో జబ్బు తొలిదశలో ఉండి, ఇంకా వేరే మందు మొదలుపెట్టని 316 మందిలో కొందరికి రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చారు. రెండేళ్లలో వారిలో 60.3 శాతం మందికి జబ్బు తిరిగి చురుకుగా కనిపించగా, పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 74.1 శాతం. అయితే 2023లో వెలువడిన అమెరికన్ పరీక్షలో, అప్పటికే గ్లాటిరమర్ అనే ఎంఎస్ మందు వాడుతున్నవారికి రోజుకు 600 యూనిట్లు ఇచ్చినా 5,000 యూనిట్లు ఇచ్చినా రిలాప్స్‌లలో తేడా కనబడలేదు. ఈ రెండింటినీ కలిపి చూస్తే నాకు అర్థమైనది ఇంతే: లోటు ఉంటే తప్పక పూడ్చాలి, రక్త పరీక్ష చేయించుకుంటూ పూడ్చాలి, మందుకు బదులుగా దానిని నమ్ముకోకూడదు.

మన ప్రాంతంలో అసలు ప్రమాదం 60,000 యూనిట్ల మాత్రల చీటీని తప్పుగా చదవడంలో ఉంది. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు అని రాసినదాన్ని రోజుకొకటిగా వేసుకున్నవారూ, ఎనిమిది వారాల తరువాత ఆపమన్నది మరిచి ఏడాది పొడుగునా వేసుకున్నవారూ ఉంటారు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, దాహం, మలబద్ధకం, నీరసం, మతిమందగింపు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నీరసం, మలబద్ధకం ఎంఎస్‌లోనూ ఉండేవే కావడంతో జబ్బు ముదిరిందనుకుని మరో సాచెట్ చింపే ప్రమాదం ఉంది. సాచెట్ వేసుకునే వారం, తేదీ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి పెట్టుకోవాలి.

బయోటిన్ కథ ఇంకోరకం. చాలా పెద్ద మోతాదులో ఇస్తే ముదిరిన ఎంఎస్‌లో నడక మెరుగవుతుందన్న ఆశ ఒకప్పుడు ఉండేది. 2020లో వెలువడిన పెద్ద పరీక్షతో అది పోయింది. మిగిలింది దాని వల్ల కలిగే తికమక. బయోటిన్ ఎక్కువగా ఉన్న రక్తంలో కొన్ని ల్యాబ్ యంత్రాలు థైరాయిడ్ ఫలితాన్ని తప్పుగా చూపుతాయి, గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్‌ను తక్కువగా చూపుతాయి. దీనిపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. రక్తం ఇచ్చే ముందు ఈ మాత్ర సంగతి ల్యాబ్‌లో చెప్పి, ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగాలి.

బి12 లోటు కూడా వెన్నుపామును దెబ్బతీసి, కాళ్లలో తిమ్మిర్లు, తూలుడు తెప్పిస్తుంది. శాకాహారులు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు ఆ పరీక్ష ఒకసారైనా చేయించుకోవాలి. చేపనూనె గుళికల వల్ల జబ్బు చురుకుదనం తగ్గినట్టు పరీక్షలో తేలలేదు. చేప తినగలిగినవారు చేపనే తినడం మేలు.

ఇక రోగనిరోధక శక్తిని పెంచుతామనే మాత్రలు, కషాయాలు. మన జబ్బులో ఆ శక్తే దారితప్పి ఉంది, దానిని తగ్గించడానికే మందు వాడుతున్నాము. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న తీరును 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో విభేదించింది. అశ్వగంధ వల్ల కూడా కాలేయ సమస్యలు నమోదయ్యాయి. టెరిఫ్లునమైడ్ వంటి, కాలేయాన్ని కనిపెట్టి చూడవలసిన ఎంఎస్ మందు వాడుతున్నవారు ఈ వివాదం తేలేదాకా ఆగడం వల్ల నష్టం ఏమీ లేదు.

ఎండాకాలం

రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల గడపవలసిన ఎంఎస్ రోగికి విదేశీ పుస్తకాల్లోని ఎండ సలహాలు చాలవు. గత వేసవిలో అక్క గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడి వడియాలు వేయిస్తూ, ఉన్నట్టుండి గరిటె పక్కన పెట్టి, "ఒరేయ్, ఎడమ కంటి ముందు పొగ కమ్మినట్టుంది రా" అంది. పొయ్యి కట్టేసి, ఆమెను ఫ్యాను కింద కూర్చోబెట్టి, తడి తువ్వాలు మెడ చుట్టూ వేసి, చల్లటి మజ్జిగ ఇచ్చాను. ముప్పావు గంటలో గోడమీది క్యాలెండర్ అంకెలు తిరిగి కనబడ్డాయి.

ఇది కొత్త రిలాప్స్ కాదు. 1890లో జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హోఫ్ వర్ణించిన లక్షణం ఇది. ఆయన పేరుతోనే పిలుస్తారు. మైలిన్ పోయిన నరంలో శరీర ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా సంకేతం తడబడుతుంది, చల్లబడితే తిరిగి నడుస్తుంది. ఎంఆర్ఐ రాకముందు రోగిని వేడినీటి తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు పైకి వస్తాయేమో చూసి జబ్బును గుర్తించేవారు. అందుకే వంట ఉదయం ఎనిమిది లోపు ముగించడం, స్నానానికి గోరువెచ్చని నీటికి మించకపోవడం, బయటికి వెళ్లేటప్పుడు సంచిలో తడిపిన తువ్వాలు ఉంచుకోవడం మా ఇంట్లో నియమాలు. నీటి వేడిని తిమ్మిరి ఉన్న చేత్తోనో కాలితోనో చూడకూడదు, కాలినా తెలియదు. తిమ్మిరి లేని మోచేత్తో చూడాలి.

కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిచి, జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకపోతే దానిని రిలాప్స్‌గా అనుమానించి వెంటనే వైద్యుణ్ణి కలవాలి. కాళ్లు హఠాత్తుగా బరువెక్కితే ముందు జ్వరం చూసి, మూత్ర పరీక్ష చేయించడం అవసరం, ఎందుకంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పాత లక్షణాలన్నింటినీ తిరగదోడుతుంది. మాటిమాటికీ వెళ్లవలసి వస్తుందని నీళ్లు మానేసేవారు చాలామంది. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, ఇన్‌ఫెక్షన్‌కు, మలబద్ధకానికి దారితీస్తుంది. నీళ్లు పగలంతా కొంచెం కొంచెంగా తాగి, పడుకునే ముందు రెండు గంటలు ఆపి, కాఫీ టీలు తగ్గించాలి.

నడక, నిద్ర, మిగిలినవి

ఒకప్పుడు ఎంఎస్ ఉన్నవారిని కదలవద్దనేవారు. ఇప్పుడు వారానికి 150 నిమిషాల వ్యాయామం, చేయగలిగిన మేరకు, లక్ష్యంగా పెట్టుకోమంటున్నారు. దానిని పదేసి నిమిషాల ముక్కలుగా విడగొట్టి, తెల్లవారుజామున చేయాలి. తూలుడు ఉంటే గోడ పక్కన చేయాలి. బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి. పొగ తాగేవారిలో ఈ జబ్బు వేగంగా ముదురుతుంది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేచేవారికి పగటి అలసట నిద్రలేమి వల్ల కూడా కావచ్చు కనుక ఆ సంగతి విడిగా చెప్పాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఎంఎస్ పేరు ఉంది. నడక ఇబ్బంది ఉన్నవారు సదరం శిబిరంలో ధ్రువపత్రానికి ప్రయత్నించవచ్చు.

ఏదైనా మార్పు చేస్తే ఒకసారికి ఒకటే చేసి, ఆరు వారాలు చూడాలి. రోజూ పడుకునే ముందు నోటు పుస్తకంలో అలసటకు పదికి ఎంతో ఒక అంకె, ఆ రోజు నడిచిన సమయం, మూత్రానికి లేచిన సార్లు రాస్తే చాలు. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకంతో పాటు మాత్రల డబ్బాను కూడా, జుట్టు మాత్రలూ కషాయం పొట్లాలూ మిగలకుండా, అలాగే సంచిలో వేసుకుని తీసుకెళ్లి బల్ల మీద పెట్టాలి.